చుక్కల గీత

కరాసు, 1998 అక్టోబర్ 16, శుక్రవారం

బిస్మిల్లా.

అన్నయ్యా, సలాం. వదినకీ సలాం, ఎల్దొస్‌కి నా దీవెనలు.

అమ్మ పోయాక నీకు ఉత్తరం రాయలేదు. పదకొండేళ్ళయింది. చెప్పాల్సినవి రైలు కండక్టరు కబ్దెష్ చేత చెప్పి పంపేదాన్ని. గొర్రెలు బాగున్నాయి, మాంసం పంపుతున్నాను, అంతే కదా మన మాటలు. ఇప్పుడు నువ్వు వంశపటం కోసం నలభై ఫారాలు పంపావు. అందులో ఉండే మనుషులు కబ్దెష్ నోట పట్టరు. ఫోను తీగలేమో వేసవిలోనే ఎవరో కోసుకుపోయి రాగికి అమ్ముకున్నారు. అందుకని పెన్ను పట్టాను. రాత వంకరగా ఉంటే నవ్వకు.

నీ సూచనల కాగితం పొయ్యి పైన గోడకి అంటించుకున్నాను. కన్న కొడుకైతే నిండు గీత. తెచ్చి పెంచుకున్న బిడ్డయితే చుక్కల గీత. సంతానం లేకుండా పోయినవాడికి అడ్డగుర్తు. ఒక్కరు చెబితే పెన్సిలు, ఇద్దరు చెబితే సిరా. చివర్న ఎర్రసిరాతో రాశావు: "తెలిసింది తెలిసినట్టే రాయి. ఈ పటం ముందు అబద్ధం, దేవుడి ముందు అబద్ధం." ఆ వాక్యం నాకోసం కాదని తెలుసు, అందరికీ పంపి ఉంటావు. అయినా దాన్నే రోజుకి పదిసార్లు చదువుతున్నాను.

సేయిల్‌ఖాన్ తాత దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. ఎనభై ఎనిమిదేళ్ళు, పళ్ళు లేవు, నోరు మాత్రం అలాగే ఉంది. నన్ను చూడగానే, "ఏమే, నాకు అడ్డగుర్తు పెట్టడానికి వచ్చావా?" అన్నాడు.

"మీకెందుకు తాతా, ఏడుగురు కొడుకులుంటే" అన్నాను.

"ఏడుగురిలో ఒక్కడు టీ పోస్తాడేమో అడుగు ముందు. తర్వాత గీతలు గీద్దువుగాని."

టీ నేనే పోశాను. ఆయన చెబుతుంటే రాశాను. ఒక ఫారంలో తొమ్మిది పేర్లు వచ్చాయి. ఎనిమిదింటి పక్కన ఒకటే సంవత్సరం, కరువు ఏడాది 1932. తొమ్మిదోది ఆయనదే. ఆ ఏడాది సరిహద్దు దాటి చైనాకి పారిపోయాడు కాబట్టి మిగిలాడు. రాస్తూ రాస్తూ నా చెయ్యి ఆగితే, "రాయి, రాయి. వాళ్ళకి తిండే దొరకలేదు, కాగితంలో చోటైనా దొరకనీ" అన్నాడు.

సందుగాష్ వాళ్ళు అక్‌బులాక్ నుంచి ఎండు పెరుగు ఉండలు పంపారు. ఆగస్టులో సంబంధం ఖాయం చేస్తూ ఆ పిల్ల చెవులకి నాయనమ్మ వెండి కమ్మలు నేనే పెట్టాను కదా, అప్పటినుంచీ ఊరు వెళ్ళొచ్చేవాళ్ళందరి చేతా "అత్తయ్యకి" అని ఏదో ఒకటి పంపుతూనే ఉంది. నీ కొడుకు ఎల్దొస్ అదృష్టవంతుడు.

ఇవాళ శుక్రవారం, పోయినవాళ్ళ కోసం రొట్టెలు వేయించాను. ఏడు అందరిలాగే. ఆ పైన ఒకటి, నాయనమ్మ చేసినట్టే. చిన్నప్పుడు నువ్వు "ఎనిమిదోది ఎవరికి?" అంటే, "కుక్కకి" అనేది. గుర్తుందా?

మన ఇంటి ఫారం అన్నిటికంటే అడుగున పెట్టాను. స్మగుల్ తాత నుంచి నాన్నకి వచ్చే గీత జాగ్రత్తగా చూడు. నేను చూసుకునే గీశాను.

నీ మేలు కోరే చెల్లెలు,
బాతిమా


అల్మాతీ, 1998 నవంబర్ 20

నా ఏకైక గుమాస్తా బాతిమాకి, వంశపటాల కార్యాలయం అధిపతి జైనొల్లా అభినందనలు!

పద్నాలుగు ఊళ్ళకి ఫారాలు పంపాను. నీ అంత శుభ్రంగా నింపినవాళ్ళు లేరు. ఒకాయన తాతల పేర్లకు బదులు గుర్రాల పేర్లు రాశాడు, ఏడు తరాల దాకా! గుర్రాలకు అడ్డగుర్తులు కూడా పెట్టాడు.

పటం ఎలా తయారవుతోందో చెబుతాను. మా భూపటాల ఆఫీసు మూసేసినప్పుడు జీతానికి బదులు నాకు దక్కింది పటాలు గీసే కాగితం చుట్ట ఒకటి, జర్మన్ పెన్నులు రెండు. ఆ కాగితం నాలుగు మీటర్లు పరిచాను. మంచం ఎత్తి బాల్కనీలో పెట్టాం. మీ వదిన వంటింట్లో పడుకుంటోంది. "ఇరవై ఏళ్ళు నదులు గీశావు, కొండలు గీశావు, నేనేమైనా అన్నానా? ఇప్పుడు శవాల్ని గీస్తూ నన్ను ఇంట్లోంచి తరిమేశావు" అంటుంది. ప్రతి మనిషికీ ఒక సున్నా, అందులో రెండు అంకెలు: ఎన్నో తరం, ఎన్నో కొడుకు. అదే అంకె అట్టముక్క మీద ఉంటుంది, అట్టముక్కలు బూట్ల పెట్టెలో. పేరు మర్చిపోయినా అంకె పట్టుకుంటే మనిషి దొరుకుతాడు. ఆరువందల పద్దెనిమిది మంది దొరికారు, చెల్లీ. ఇన్నేళ్ళూ ఎవరూ పిలవక ఆ పెట్టెలో పడుకుని ఉన్నట్టున్నారు.

మన ఫారంలో నాన్న దగ్గర నీ పెన్ను మొరాయించింది. గీత ముక్కలు ముక్కలుగా పడింది. చలికి సిరా గడ్డకడితే అలాగే అవుతుంది, సైబీరియా వెళ్ళినప్పుడు మా పెన్నులు చంకలో పెట్టుకుని వెచ్చజేసేవాళ్ళం. సేయిల్‌ఖాన్ తాతకి ప్రత్యేకంగా మనిషిని పంపి అడిగించాను కూడా. "స్మగుల్ కొడుకు తోలెగెన్‌ని ఉయ్యాల్లో నేనే ఊపాను" అన్నాడట. నువ్వొకదానివి, ఆయనొకడు, ఇద్దరు సాక్షులు. జర్మన్ పెన్నుతో నిండుగా గీసేశాను. పటం మొత్తంలో అందమైన గీత అదే.

ఏప్రిల్ 25న ఇక్కడ బడి హాల్లో అందరికీ భోజనాలు పెట్టి పటం తెరుస్తాం. వియ్యంకుణ్ణి కూడా వాళ్ళ ఏడుగురు తాతల పేర్లు అడిగాను. కోడలి పుట్టింటి కొమ్మని పక్కన ఆకుపచ్చ సిరాతో గీసి, పెళ్ళిలో వాళ్ళకి బహుమతిగా ఇస్తాను. ఎలా ఉంది నా ఆలోచన?

చంకలో పెన్ను పెట్టుకున్న
నీ అన్న


కరాసు, 1998 డిసెంబర్ 11, శుక్రవారం

అన్నయ్యా, సలాం.

మంచు మోకాలు దాటింది. తోడేలు వచ్చి పక్కింటి జుల్దిజ్ వాళ్ళ దూడని తీసుకుపోయింది. మా ఇంటాయన నడుము నొప్పితో పడుకునే ఉన్నాడు, పడుకుని తోడేలుకి శాపనార్థాలు పెడుతున్నాడు. నమాజు వేళకి మాత్రం లేస్తాడు, అంతవరకూ అల్లాకి షుక్ర్.

నువ్వు రాసింది ఆయనకి చదివి వినిపించాను. గుర్రాల దగ్గర బాగా నవ్వాడు.

అన్నయ్యా, నా పెన్ను బాగానే ఉంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి కూడా వెలుగుతోంది. ఆ గీతని సిరా నుంచి మళ్ళీ పెన్సిలుకి మార్చడానికి వీలుంటే మార్చు. సేయిల్‌ఖాన్ తాత ఉయ్యాల ఊపిన మాట నిజమే. కానీ ఆయన చైనా వెళ్ళి, తిరిగి వచ్చేసరికి యుద్ధం కూడా అయిపోయింది. మధ్యలో పదమూడేళ్ళున్నాయి.

ఇంతకంటే రాయడం నాకు తెలియదు.

వియ్యంకుడు పేర్లు పంపాడా?

బాతిమా


అల్మాతీ, 1999 జనవరి 24

బాతిమా,

నీ ఉత్తరం చూసి మొదట చిరాకు పడ్డాను, తర్వాత గర్వపడ్డాను. పుట్టిన ఏడాది గురించి నీకు అనుమానం ఉందని అర్థమైంది. నిజమే, ముసలాళ్ళ లెక్కలు నమ్మకూడదు. అందుకని పాత రికార్డులుండే ఆఫీసుకి వెళ్ళి, నాలుగు రోజులు కోటు విప్పకుండా చలిలో కూర్చున్నాను. దొరికింది! 1929 గడపల జాబితా: "స్మగుల్. భార్య కాదిషా. కొడుకు తోలెగెన్, అయిదేళ్ళు. గుర్రాలు పదకొండు." నకలు తీసుకుని ముద్ర వేయించాను. ఇక నాన్న మీద గీతని ఎవరూ కదల్చలేరు. నీకు నెమ్మది కలిగిందా?

నాకు మాత్రం నెమ్మది పోయింది.

వియ్యంకుడి దగ్గర్నుంచి పేర్లొచ్చాయి. కింది నుంచి గీసుకుంటూ వెళ్ళాను, ఆకుపచ్చ సిరాతో, ఈలవేసుకుంటూ. అయిదో పేరు రాసి చూస్తే చెయ్యి ఆగిపోయింది. కోజాబెక్. తమ్ముళ్ళ పేర్లు, మేత భూమి పేరు, సమాధి ఉన్న చోటు, అన్నీ అడిగించాను. మన కోజాబెకే. ఎల్దొస్‌కి అయిదో తాత. ఆ పిల్లకీ అయిదో తాత. ఆయన పెద్దకొడుకు కొమ్మ మనది, చిన్నకొడుకు కొమ్మ వాళ్ళది. కరువులో వాళ్ళు ఇటూ మనవాళ్ళు అటూ చెదిరిపోయి ఒకళ్ళనొకళ్ళు మర్చిపోయారు. నేను పనిగట్టుకుని కలిపాను.

ఏడు తరాల లోపల పెళ్ళి లేదు. పటం గీసినవాడి ఇంట్లోనే ఆ కట్టుబాటు తప్పితే నా పటం మీద ఎవరైనా ఉమ్మేయవచ్చు.

ఎల్దొస్‌కి చెప్పాను. వాడు పటం వైపు చూసి, "నాన్నా, మొన్నటి దాకా ఆ అమ్మాయి నాకు చుట్టమేమీ కాదు. నువ్వు ఒక గీత గీశావు, చెల్లెలైపోయిందా?" అన్నాడు.

"నేను గీయక ముందు కూడా చెల్లెలేరా. నీకు తెలీదంతే."

"అయితే తెలీకుండానే ఉంచాల్సింది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు.

కమ్మలు నువ్వే పెట్టావు, నువ్వే తీసుకురావాలి. ఇంకొకరు వెళ్తే అవమానం. నువ్వు నెమ్మదిగా మాట్లాడతావు.

జైనొల్లా


కరాసు, 1999 ఫిబ్రవరి 17

అన్నయ్యా, సలాం.

వెళ్ళొచ్చాను. పాల ట్యాంకరు డ్రైవరు బతిమాలితే ఎక్కించుకున్నాడు. అక్‌బులాక్ చేరేసరికి వియ్యపురాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. కబురు ముందే అందిందట. భోజనం పెట్టింది. మంచి ముక్కలే నా ముందు పెట్టింది. అది తినడం తిట్లు తినడం కంటే కష్టమైంది.

వియ్యంకుడు ఒక్క మాటే అన్నాడు: "మీ అన్నగారికి కాగితాలెక్కువయ్యాయి."

సందుగాష్ తనంతట తనే లోపల్నుంచి వచ్చింది. చెవులకి కమ్మలు లేవు, అప్పటికే చేతిరుమాల్లో కట్టి ఉంచింది. మూట నా చేతిలో పెట్టి, "అత్తయ్యా, ఒకటి అడగనా?" అంది.

"అడుగమ్మా."

"పెట్టేటప్పుడు మీ చేతులు వణికాయి. అప్పుడే మీకు తెలుసా?"

"లేదమ్మా. అప్పుడు సంతోషంతో వణికాయి."

"ఇప్పుడు వణకడం లేదు" అంది. కోపంగా కాదు. ఉన్నది చెప్పింది. వాళ్ళమ్మ "నోర్ముయ్యి, పెద్దవాళ్ళతో" అంది. ఆ పిల్ల నవ్వడానికి ప్రయత్నించి, వాకిట్లో నా బూట్లని గాలి తగలకుండా గోడవైపు తిప్పి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చాక నాలుగు రోజులు జ్వరం. ఇప్పుడు తగ్గింది. కమ్మలు ఖురాను పక్కన పెట్టాను.

అన్నయ్యా, నీకు చదువుంది, నాకు బడి చదువే. ఒక మాట అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. పటంలో ఒక సున్నా ఉందనుకో. ఆ సున్నాలో ఉన్నవాడు ఆ ఇంట్లో పుట్టినవాడు కాక, తెచ్చుకున్నవాడైతే, కింద ఉన్నవాళ్ళకి ఏడు తరాల లెక్క ఎవరి నుంచి మొదలవుతుంది? రక్తానికా కట్టుబాటు, పేరుకా?

ఆలోచించి రాయి. తొందరగా రాయి.

బాతిమా


అల్మాతీ, 1999 మార్చి 9

బాతిమా,

నీ దగ్గర్నుంచి ఇలాంటి ఉత్తరం వస్తుందనుకోలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, కట్టుబాటు రక్తానికే. పెంచుకున్న బిడ్డకి తన సొంత ఏడుగురు తాతలుంటారు. అందుకే చుక్కల గీత పెట్టాను. కానీ నువ్వు అడిగింది అందుకు కాదు. సందుగాష్ వాళ్ళ కొమ్మలో ఎవరో ఒకణ్ణి పెంచుకున్నవాడని రాసేసి, ఒక నిండు గీతని చుక్కలు చేసేస్తే పిల్లలిద్దరూ బతికిపోతారని నీ ఉద్దేశం. నీది మెత్తని మనసు, ఆ పిల్లని చూసి కరిగిపోయావు. కానీ రోజుకి అయిదుసార్లు తల వంచే మనిషివి, నన్ను దొంగ గీత గీయమంటావా? చచ్చిపోయిన ఒక తండ్రి దగ్గర్నుంచి కొడుకుని లాక్కోమంటావా? వాళ్ళు వచ్చి అడ్డుకోలేరనే కదా?

ఎల్దొస్ వెళ్ళిపోయాడు. పడమటి వైపు, చమురు బావుల దగ్గర పని దొరికిందట. వదినకి చీటీ రాసి పెట్టాడు, నాకు రాయలేదు.

ఆడవాళ్ళ పేర్లు పటంలో ఉండవు. నీ పేరు ఒక్కటి మూలలో వేద్దామనుకున్నాను, ఇంత సాయం చేశావని. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంచుతున్నాను.

జైనొల్లా


కరాసు, 1999 ఏప్రిల్ 18

బిస్మిల్లా ర్రహ్మాని ర్రహీం.

అన్నయ్యా,

ఇది గొర్రెలు ఈనే కాలం. కొట్టంలో బకెట్టు బోర్లించి, దాని మీద కాగితం పెట్టి రాస్తున్నాను. మరకలుంటే క్షమించు. 25న భోజనాలకి రాలేను. ఈ ఉత్తరం కబ్దెష్ చేతికే ఇస్తున్నాను, నీ చేతికే ఇమ్మన్నాను.

నిన్న తెలిసింది. సందుగాష్‌ని కల్బతౌలో ఒకాయనకి ఇస్తున్నారు. భార్య పోయినాయన, ఇద్దరు పిల్లలు. మే 8న పెళ్ళి. కమ్మలు తిరిగిపోయిన పిల్లని ఇంట్లో ఎన్నాళ్ళో ఉంచుకోలేమని వాళ్ళమ్మ అందట. ఇంకా ఇరవై రోజులున్నాయి. అందుకని రాస్తున్నాను.

నేను దొంగ గీత గీయమనలేదు. నువ్వు గీసిందే దొంగ గీత. నీకు తెలియక గీశావు. నాకు తెలిసి ఊరుకున్నాను.

నువ్వు సైన్యంలో ఉన్నావు, నాయనమ్మ పోయే ముందు నేను ఒక్కదాన్నే దగ్గరున్నాను. నా అరచేతిలో రొట్టె ముక్క పెట్టించి ఒట్టు వేయించుకుంది. "ఈ మాట నా నోటి నుంచి బయటికొస్తే ఈ రొట్టె నన్ను కొట్టాలి" అని నాచేత అనిపించింది. నేను అన్నాను. ముప్ఫై రెండేళ్ళు మోశాను. నీ ఫారంలో చుక్కల గీత అన్నది చూడగానే, నోటితో అనకుండా చెప్పే దారి దేవుడే చూపించాడనుకున్నాను. నువ్వు నా చేతిని నమ్ముతావనుకున్నాను. నువ్వు నా పెన్నుని అనుమానించావు. తప్పు నీది కాదు. ఒట్టుని పక్కదారిలో దాటాలనుకున్నాను చూడు, అది నాది.

స్మగుల్ కొడుకు తోలెగెన్ అయిదేళ్ళవాడని నువ్వు తెచ్చిన కాగితం నిజం. ఉయ్యాల నిజం. ఆ తోలెగెన్ ఎనిమిదో ఏట, 1932 చలికాలంలో, ఆయగోజ్ స్టేషనుకి నడిచి వెళ్తుంటే దారిలో పోయాడు. నేల గడ్డకట్టి తవ్వడానికి వీల్లేక టెలిగ్రాఫు స్తంభం పక్కన మంచు కప్పి వచ్చారు. "స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను, మళ్ళీ వచ్చి గుర్తుపట్టాలని" అని నాయనమ్మ చెప్పింది. వసంతంలో తాత పోయాడు. ఆ స్తంభం ఆమెకి మళ్ళీ దొరకలేదు.

బిడ్డ పోయిన మర్నాడు స్టేషను గోడకానుకుని ఒక పిల్లాడు కూర్చుని ఉన్నాడు. పక్కన ఒకామె పడుకుని ఉంది, ఇక లేవదు. పిల్లాడు ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. స్టేషనులో గంజి పోసేవాళ్ళ జాబితాలో మన ఇంటి పేర్లు మూడున్నాయి. నాయనమ్మ తన కొడుకు టోపీ తీసి ఆ పిల్లాడి నెత్తిన పెట్టింది. పేరు లేని పిల్లల్ని అనాథల బండిలో ఎక్కిస్తున్నారు, ఆ బండ్లు ఏమయ్యేవో అందరికీ తెలుసు. "నీ పేరేమిటి?" అనడిగింది. వాడు తన పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. మూడో పేరు ఎత్తుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "తోలెగెన్. ఎవరడిగినా నీ పేరు తోలెగెన్" అంది. వాడు మళ్ళీ ఎప్పుడూ వేరే పేరు చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు.

ఆ పిల్లాడే మన నాన్న.

బడికి ఏడుగురు తాతల పేర్లు నేర్చుకుని వెళ్ళాలని నాయనమ్మ మనచేత వల్లె వేయించేటప్పుడు నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. సిగరెట్టుకి అనుకునేవాళ్ళం. ఆయన పోయాక కోటు జేబుల్లో ఎండు రొట్టె ముక్కలు దొరికాయి, నువ్వే తీశావు, నువ్వే ఏడ్చావు. ఎనిమిదో రొట్టె కుక్కకి కాదు, స్తంభం పక్కన ఉన్నవాడికి. అది ఆగకూడదనే నాయనమ్మ నాకు చెప్పింది.

కాబట్టి ఎల్దొస్‌కి కోజాబెక్ ఏమీ కాడు. ఆ పిల్లలిద్దరికీ సంబంధం లేదు. వియ్యంకుడికి ఒక్క మాట చెప్పు చాలు. నీకు ఎంత కష్టమో తెలుసు. ఆరువందల పద్దెనిమిది మందిని నువ్వు నీవాళ్ళనుకుని పోగు చేశావు.

రొట్టె నన్ను కొట్టనీ. నువ్వు ఆ పిల్లల్ని చూడు.

బాతిమా


అల్మాతీ, 1999 ఏప్రిల్ 27

చెల్లీ,

కబ్దెష్ ఆదివారం పొద్దున్న స్టేషను నుంచి తిన్నగా బడికే వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. హాల్లో పటం అప్పటికే గోడకి ఎక్కించాం. ఆడవాళ్ళు పెనం ముందు బావుర్సాక్ పిండి ఉండలు వేయిస్తున్నారు. ఆ నూనె వాసనలో, మెట్ల మీద నిలబడి చదివాను. మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. చదివింది నాకు అర్థమైంది, కానీ నా లోపలికి ఇంకా రాలేదు. జనం వస్తూనే ఉన్నారు. ముసలివాళ్ళు తమ సున్నాలు వెతుక్కుని వేలు పెట్టి చూపించుకుంటున్నారు. ఒకాయన 1932లో పోయిన అన్న పేరు చూసి ఆ అక్షరాలకి ముఖం ఆనించాడు. నాకు శాలువా కప్పారు. "తోలెగెన్ కొడుకు జైనొల్లా మన చెదిరిన మందని ఒక్క చోటికి తోలుకొచ్చాడు" అన్నారు.

అప్పుడు ఎల్దొస్ వచ్చాడు. మూడు రోజులు రైల్లో వచ్చాడట. గడ్డం పెరిగింది, చేతులకి నూనె మరకలు. అందర్నీ దాటుకుని పటం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, ఏదీ, నన్ను ఆపిన గీత చూపించు" అన్నాడు.

ఎవరో "భోజనం చెయ్యి బాబూ, తర్వాత" అన్నారు. "చూసి తింటాను" అన్నాడు.

రెండువందల మంది, బాతిమా. ఉత్తరం నా గుండెకి ఆనుకుని ఉంది. కర్ర తీసుకున్నాను. వాడి సున్నా దగ్గర పెట్టాను. అక్కణ్ణుంచి నా దగ్గరికి, నా నుంచి నాన్న దగ్గరికి. నాన్న దగ్గర్నుంచి స్మగుల్ తాతకి వెళ్ళే ఆ గీత, అందమైనదని నీకు రాశానే, దాని మీదుగా కర్రని తీసుకెళ్ళాను. చెయ్యి వణకలేదు. ఇరవై ఏళ్ళు సరిహద్దులు గీసిన చెయ్యి. కోజాబెక్ దాకా ఎక్కి, అటువైపు ఆకుపచ్చ కొమ్మ వెంట దిగి, ఆ పిల్ల తండ్రి దగ్గర ఆగాను.

వాడు నా ముఖం చూశాడు, పటం చూడలేదు. "నిజమేనా?" అన్నాడు.

"ముద్ర ఉన్న కాగితం ఉంది" అన్నాను.

వాడు తల ఊపాడు. నా దగ్గరికొచ్చి, చిన్నప్పటిలా నా భుజం మీద నుదురు ఆనించాడు. ఆ జేబు వైపే. "అయితే సరే నాన్నా" అన్నాడు. వాడు నన్ను క్షమించాడు, బాతిమా. వాడు తిట్టి ఉంటే బాగుండేది. భోజనం చేసి రైలెక్కి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక పటం దింపి నేల మీద పరిచాను. మా పనిలో సిరా తప్పుపడితే బ్లేడుతో గీకి తీసేస్తాం, కాగితానికి తెలియకుండా. నాన్న గీతని చుక్కలు చేద్దామని కూర్చున్నాను. ఆ జర్మన్ సిరా లోపలికంటా దిగింది. గీకాను, గీకాను. కాగితం చిరిగి నాన్న సున్నా ఉన్నచోట కన్నం పడింది. చుట్టి గొట్టంలో పెట్టి బిగించేశాను.

నువ్వన్నట్టు వియ్యంకుడికి చెప్పలేను. చెప్పినా, మన ఏడుగురు తాతలెవరో మనకే తెలియనప్పుడు ఎవరి పిల్లని ధైర్యంగా అడుగుతాం? ఇలా నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇది అబద్ధమని నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ గుంపులో నాకు నాన్న కావాల్సి వచ్చాడు, అంతే.

నీ ఉత్తరాలన్నీ కాల్చేద్దామని పొయ్యి దగ్గర పెట్టాను. ఇంకా పెట్టే ఉన్నాయి. ఏం చెయ్యను?

నీ అన్న


కరాసు, 1999 మే 14, శుక్రవారం

అన్నయ్యా, సలాం. దేవుడు నీకు నిద్ర ఇవ్వాలి.

నీ ఉత్తరం 5న అందింది. ఇక నేనే నోటితో చెబుదామని 7న బయల్దేరాను. ట్యాంకరు లేదు, మెయిన్ రోడ్డు దాకా నడిచాను, అక్కడ లారీ దొరికింది. వానొస్తుందని పెళ్ళివాళ్ళు ఒకరోజు ముందుగానే పిల్లని తీసుకెళ్ళిపోతున్నారు. అక్‌బులాక్ మలుపులో లారీ దిగి నడుస్తుంటే కార్లు ఎదురయ్యాయి, అద్దాలకి రిబ్బన్లు. మొదటి కారు నన్ను చూసి ఆగింది.

సందుగాష్ అద్దం దించింది. తెల్ల ముసుగు, చెవులకి ఎవరివో బంగారు రింగులు. "అత్తయ్యా! నా పెళ్ళికేనా?" అంది. ముందు సీట్లో పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దలు, వెనక అయిదు కార్లు, డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి ఉన్నాడు.

నోరు తెరిచాను అన్నయ్యా. మాట నాలుక మీదే ఉంది.

"పెళ్ళికే తల్లీ" అన్నాను. చేతులెత్తి దీవించాను. ఇల్లు నిండుగా ఉండాలని, పిల్లలు చల్లగా ఉండాలని. అందరూ ఆమీన్ అన్నారు. ఆ పిల్ల కూడా అంది. కార్లు వెళ్ళిపోయాయి. నీ చెయ్యి వణకలేదన్నావు. నా గొంతూ వణకలేదు. అందుకని నిన్ను ఏమీ అనలేను.

ఇక ఒక్కటి మిగిలింది. ఇన్నేళ్ళూ నాన్న కోసం ఫాతిహా చదివి, "తోలెగెన్‌కి చేరాలి" అనేదాన్ని. అది చేరేది స్తంభం పక్కన ఉన్న బిడ్డకి. మరి నాన్నకి? ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన పేరు మీద ఒక్క దువా కూడా వెళ్ళలేదు. నాయనమ్మ ఆ పేరు నా చెవిలో ఒక్కసారే చెప్పింది. ఇవాళ పొద్దున్న రొట్టెలు వేయించి, తలుపు వేసుకుని, పైకి చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఒట్టు తప్పాను. రొట్టె ఇంకా కొట్టలేదు. కొట్టే పద్ధతి ఇదేనేమో తెలియదు.

ఉత్తరాలు కాల్చకు. గొట్టంలో, చిరిగిన పటంతో కలిపి పెట్టు. కమ్మలు కూడా ఈ కవరులోనే పంపుతున్నాను, వాటినీ అందులోనే వెయ్యి. ఎవరికీ చూపించకు. వదినకి వద్దు. ఎల్దొస్‌కి అసలే వద్దు, వాడు కట్టుబాటుకి తల వంచాననుకుంటున్నాడు, మన ఇద్దరి అబద్ధానికి వంచానని తెలిస్తే నిలబడలేడు. చూపించకు, కానీ దాచు. నీ ఆరువందల పద్దెనిమిది మందికి చోటుంది. ఈయనకి ఈ కాగితం తప్ప వేరే చోటు లేదు.

ఆయన రెండు తరాలే చెప్పగలిగాడు. రెండే రాస్తున్నాను, సిరాతో. సాక్షిని నేనొక్కదాన్నే.

ఇసాతాయ్. తండ్రి పేరు బెర్దెన్.

నీ చెల్లెలు,
ఇసాతాయ్ కూతురు బాతిమా